నాలుగు కోట్ల అంకెల ప్రధాన సంఖ్య

13,62,79,841 రెండ్లను గుణించి ఒకటి తీసేస్తే వచ్చేదే మనకు తెలిసిన అతి పెద్ద ప్రధాన సంఖ్యల్లో ఒకటి. 2024 అక్టోబరులో అమెరికాకు చెందిన లూక్ డ్యురాంట్ దీన్ని కనుగొన్నారు; ఇందులోని అంకెలు 4,10,24,320. ఇది ప్రధానమో కాదో తేల్చడానికి భాజకాలు వెతుకుతూ కూర్చుంటే యుగాలు చాలవు. అందుకే ఇలాంటి సంఖ్యలకు ల్యూకా–లేమర్ పరీక్ష. ఎంత అందమైన పద్ధతో, మూడు రెండ్లను గుణించి ఒకటి తీసేస్తే వచ్చే 7కు చేసి చూడండి: 4 వర్గం 16, రెండు తీస్తే 14, ఏడుతో భాగిస్తే శేషం సున్నా. ప్రధానమే! పెద్ద సంఖ్యకు ఇదే పని కోట్ల సార్లు. ఇలాంటి ప్రధాన సంఖ్యల అన్వేషణలో ఎవరైనా తమ కంప్యూటర్‌తో ఉచితంగా చేరవచ్చు. ఉపయోగమేమిటని అడిగే ముందు మన ఇంజినీరింగ్ కళాశాలలు తమ ల్యాబులను, విద్యార్థులను ఇందులో భాగం చేయాలి. పాఠ్యపుస్తకంలోని గణితం వారి కళ్లెదుటే పనిచేస్తుంది.