పులుల ఊళ్లో పిల్లి భయం

బొబ్బిలి పేరు చెబితే ఎక్కడివాడైనా మీసం మీద చెయ్యి వేస్తాడు. ఊరి పేరే పెబ్బులి నుంచి వచ్చిందని పెద్దలంటారు. 1757 జనవరి 24న బుస్సీ దొర ఫిరంగులకు ఎదురు నిలిచిన కోట ఇది. తాండ్ర పాపారాయుణ్ణి తలచుకుంటే ఈనాటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. అంతటి పులుల గడ్డ మీద రోజూ ఒక చిత్రం జరుగుతోంది. ఫిరంగికి జడవనివారి వారసులు పిల్లికి జడుస్తున్నారు. పార్వతీపురం బస్సు కదలబోతుంటే, సంచీ చంకన పెట్టుకుని పరుగెత్తే మనిషి పిల్లి అడ్డం రాగానే టక్కున ఆగిపోతాడు. “ఓలమ్మో, పిల్లెదురొచ్చినాది” అని ఇంటికి తిరిగొచ్చి, గ్లాసుడు మంచినీళ్లు తాగి, కాసేపు కూర్చుని లేచేసరికి బస్సు ఊరు దాటిపోతుంది. అప్పుడు తీరిగ్గా అంటాడు: “చూశారా, పిల్లి ఎదురొస్తే పని జరగదని చెప్పానా!”

భయపడటం తప్పేమీ కాదు. నూతి గట్టు మీద నిలబడినప్పుడు, కరెంటు తీగ తెగిపడినప్పుడు భయమే మనిషిని కాపాడుతుంది. ఆ భయానికి దండం పెట్టవలసిందే. చిక్కంతా రెండో రకం భయంతోనే. అది కాపాడదు సరికదా పని చెడగొడుతుంది, డబ్బు ఖర్చు పెట్టిస్తుంది, ఒక్కోసారి ప్రాణమే తీస్తుంది. దానికి మందు ఏ కొట్లోనూ దొరకదు. కాస్త నవ్వు, కాస్త లెక్క కలిపి ఇంట్లోనే నూరుకోవాలి.

లెక్క రాసి చూడండి

పిల్లి భయం ఉన్నవారు ఒక నోటు పుస్తకం కొనుక్కోవాలి. పిల్లి ఎదురైన రోజున పని అయిందో కాలేదో రాయాలి. పిల్లి ఎదురు కాని రోజుల లెక్క కూడా పక్కనే రాయాలి. మనసు చెడిన పనిని పదేళ్లు గుర్తుంచుకుంటుంది, జరిగిన పనిని పొద్దుగూకేలోగా మరచిపోతుంది. పుస్తకం అలా మరచిపోదు. ఇంకొక మాట. పిల్లి ఎలుక కోసం తన దారిన తాను పోతోంది. దాని దారికి మనిషే అడ్డం వచ్చాడు. ఆ పూట ఎలుక దొరకకపోతే పాపం పిల్లి ఎవరితో చెప్పుకుంటుంది?

తుమ్ము సంగతీ అంతే. తుమ్మినవాడికి జలుబు మందు ఇవ్వాలి గాని, బయలుదేరినవాణ్ణి కూర్చోబెట్టడం ఎందుకు? గుడ్లగూబ ఇంటి మీద వాలితే కీడని శాంతి చేయించేవారున్నారు. ఎలుకలున్న చోటికే అది వస్తుంది. కూలి అడగకుండా రాత్రంతా ఎలుకలను పట్టి ధాన్యం కాపాడే పక్షి అది. ఇక చింతచెట్టు దయ్యం. రాత్రివేళ ఆ చెట్టు కింద నుంచి వెళ్లక తప్పకపోతే టార్చిలైటు కొమ్మల మీద కాక నేల మీద వేసి నడవాలి. పైన దయ్యం కనబడదు గాని, కింద పాము ఉంటే కనబడుతుంది.

ఆకాశం విరిగిపడిన ఏడాది

1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడింది. అంతవరకూ శ్రీకాకుళం జిల్లాలో ఉన్న బొబ్బిలి కొత్త జిల్లాలో చేరింది. తర్వాత నలభై రోజులకే ఆకాశం విరిగిపడే రోజు వచ్చింది. అమెరికావారి స్కైలాబ్, దాదాపు 77 టన్నుల బరువున్నది, ఎక్కడ పడుతుందో ఎవరూ చెప్పలేకపోయారు. తెలుగునాట చాలా పల్లెల్లో రేపు ఉంటామో లేదోనని కోళ్లనూ మేకలనూ కోసుకు తిన్నారు. జులై 11న స్కైలాబ్ పడనే పడింది. ముక్కలు కొన్ని హిందూ మహాసముద్రంలో, కొన్ని పశ్చిమ ఆస్ట్రేలియాలో పడ్డాయి. ఒక్క మనిషికీ దెబ్బ తగలలేదు. ఆస్ట్రేలియాలోని ఎస్పరెన్స్ ఊరి పాలకవర్గం చెత్త పారేశారని అమెరికావారికి 400 డాలర్ల జరిమానా వేసింది. వాళ్లు జరిమానా రాశారు, ఇక్కడివాళ్లు కోళ్లు తిన్నారు. ప్రళయం వస్తోందని ఎవరైనా చెబితే కోడి మెడ మీద చెయ్యి వేసేముందు తెల్లవారేదాకా ఆగడం మంచిది.

ఇంజక్షను భయం, మంత్రం ధైర్యం

ఇంతవరకూ నష్టం కోళ్లకూ బస్సులకే. ఇకమీదిది ప్రాణాల లెక్క. కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లని భయపడి ఆకు పసరుతో సరిపెట్టుకునేవారు ఇంకా ఉన్నారు. ఆ ఇంజక్షన్లు పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నాలుగైదు విడతలు, అదీ జబ్బకే. కరిచిన చోట పదిహేను నిమిషాలు సబ్బుతో కడిగి ఆస్పత్రికి వెళ్లాలి. పిచ్చికుక్క రోగం పైకి కనిపించాక బతికించడం దాదాపు అసాధ్యం. లేని సూదికి భయపడి ఉన్న చావును పిలుచుకోవడం ఏం తెలివి?

పాము విషయంలో దీనికి తిరగేసిన కథ. అక్కడ మంత్రం మీద ధైర్యం. జెర్రిపోతుకు, నీరుకట్టుకు విషం లేదు. విషమున్న పాము కూడా ప్రతి కాటులోనూ విషం దింపదు. అలాంటి కాటు తగిలినవాడు మంత్రం వేసినా లేస్తాడు, వేయకపోయినా లేస్తాడు. పేరు మాత్రం మంత్రానికి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నిజంగా విషమెక్కిస్తే విరుగుడు ఆస్పత్రి మందే. గట్టిగా కట్టు బిగించకుండా, కోయకుండా, కాలు గాని చెయ్యి గాని కదలకుండా ఉంచి బండెక్కించాలి. దేశంలో ఏటా యాభై వేలమందికి పైగా పాముకాటుతో చనిపోతున్నారని అంచనా. మంత్రం ముగిసేదాకా విషం ఆగదు.

ఒకరి భయం, ఇంకొకరి ప్రాణం

అన్నిటికన్నా చెడ్డ భయం సాటి మనిషి మీద భయం. ఊళ్లో ఇద్దరికి జ్వరం వస్తే, మూడోవాడి ఆవు చస్తే, చివరింట్లో ఒంటరిగా ఉండే ముసలిదాని మీద చిల్లంగి అనుమానం పడుతుంది. అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. ఆ భూతం పట్టినవాళ్లు ఉత్తరాంధ్ర పల్లెల్లో మనుషులనే చంపిన ఉదంతాలున్నాయి. 2018 మే నెలలో పార్థీ ముఠా దిగిందని సెల్‌ఫోన్లలో పుకారు పుట్టి, తెలుగు రాష్ట్రాల్లో దారినపోయే అమాయకులను కొట్టారు. ప్రాణాలూ పోయాయి. పుకారు పంపినవాడు ఇంట్లో భద్రంగానే ఉన్నాడు. ఇక్కడ నవ్వుకు చోటు లేదు. జ్వరానికి రక్తపరీక్ష, ఆవుకు పశువుల డాక్టరు, పుకారుకు పోలీసు ఫోను 112. ఇవే విరుగుళ్లు.

పిల్లికి జడిసినా ఎవరికీ పెద్ద నష్టం లేదు, మరో బస్సు వస్తుంది. కాని పదిమంది కర్రలు పట్టుకుని ఒక ముసలమ్మ గుమ్మం మీదికి వెళుతుంటే, అడ్డం నిలబడి “ఆగండ్రా, ముందు పిల్లాణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్లండి” అనే ఒక్కడు కావాలి. బొబ్బిలిలో మీసం మెలెయ్యడానికి అర్హుడు వాడే.