పెత్తనము నప్పగించుట

మొన్నటి వేసంగిలో నేను రెండు మాసములు మంచము పట్టితిని. నా జబ్బు సంగతి సోదరీమణులకు చెప్పుట నా యుద్దేశము కాదు. ఆ రెండు మాసములలో మా ఊరుగాయల వర్తకమునకు వచ్చిన చేటు ఈ మాసపు ప్రసంగమునకు మూల మగుటచే చెప్పక తప్పదు.

మేము ఎనమండుగురము. ఆఱేండ్లుగా ఆవకాయ, మాగాయ, ఉసిరికాయ పచ్చడి పెట్టి అంగళ్లకు వేయుచున్నాము. మామిడితోటవానితో బేరమాడుట, ఆవాలు, మిరపకాయలు తెప్పించుట, సీసాకు ధర కట్టుట, అంగళ్లలో బాకీలు రాబట్టుట నా పనులు. కాయ తుడుచుట, ముక్కలు కొట్టుట, కారము కలుపుట, సీసాల కెత్తుట తక్కినవారి పనులు. లెక్కపుస్తకము నా పెట్టెలో నుండెడిది. సగము లెక్క దానిలోను లేదు, నా తలలోనే యుండెడిది. "అక్కయ్యగారుండగా మన కేల" యని వారనుకొనిరి. "వీరి కీ గొడవలు తెలియునా" యని నే ననుకొంటిని. నిజము చెప్పవలెనన్న, నేను లేనిదే పని సాగదనుట నాకు కొంత గర్వముగనే యుండెడిది.

సరిగా కాయ దిగువేళకు నేను పడితిని. తోటవాడు చెప్పిన ధరకే వారు కాయ కొనిరి. మనకు ఆవాలిచ్చు వర్తకు డెవ్వడో వారికి తెలియదు; దొరికిన పిండి తెచ్చిరి, ఆవకాయ చేదెక్కినది. సీసా ధర మాత్రము పోయిన యేటిదే. నేను లేచి లెక్క చూచునప్పటికి ఆ యేటి లాభ మంతయు హరించిపోయినది. మాలో ఇద్దఱు బిడ్డల బడిజీతములకు అప్పు చేసియుండిరి. కోపము పట్టలేక నేనేదో అంటిని. అందఱిలో చిన్నది, ముప్పదేండ్లు కూడ నిండని పిల్ల, తలవంచుకొని, "మీ రెప్పుడూ మాకు చెప్పలేదు గదండీ, అక్కయ్యగారూ" అన్నది. ఆ మాటకు నాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను.

నాటినుండి, గొప్ప సంస్థలలో పెత్తనము చేయువారు ఎట్లు తయారగుదురో తెలిసికొన మొదలిడితిని. ప్రకాశ్ టండన్ గారు లీవర్ కంపెనీలో 1937లో చేరి, 1961లో హిందూస్థాన్ లీవరునకు తొలి భారతీయ అధ్యక్షు లైరి. నడుమ 24 ఏండ్లు! టాటావారు 1956లోనే చదువుకొన్న యువకులను చేర్చుకొని, ఒక కంపెనీనుండి మఱియొక కంపెనీకి త్రిప్పుచు పని నేర్పుటకు ప్రత్యేకముగ నొక యేర్పాటు చేసిరి. కాని యివి పెద్ద చదువులవారి సంగతులు. మనకు దగ్గఱిది, వంటింటి పీటమీదనుండి లేచినది, లిజ్జత్ అప్పడముల సంస్థ.

1959వ సంవత్సరము మార్చి 15వ తేదీని బొంబాయిలోని గిర్గాములో ఏడుగురు గుజరాతీ గృహిణులు ఒక డాబామీద కూర్చుండి అప్పడము లొత్తిరి. జశ్వంతీబెన్ జమ్నాదాస్ పోపట్ గారు వారిలో నొకరు. మూలధనము 80 రూపాయలు. అదియు ఛగన్‌లాల్ కరంసీ పారేఖ్ గారను సంఘసేవకు లిచ్చిన అప్పు. ఆనాటి సరకు నాలుగు పొట్లములు. తొలియేటి అమ్మకము 6,196 రూపాయలు. వానలకు అప్పడము లెండక ఆ యేడు నాలుగు మాసములు పని నిలిచిపోయినది. మఱుసటి యేడు మంచముమీద అప్పడములు పఱచి, మంచము క్రింద పొయ్యి పెట్టి ఎండబెట్టుకొనిరట. ముసురులో వడియములకై మన యత్తలు పడిన పాట్లు ఎఱిగినవారి కిది విన్న నవ్వును వచ్చును, ముచ్చటయు వేయును.

పారేఖ్ గారు అప్పిచ్చి యూరకుండలేదు. లెక్కలు సరిగ వ్రాయవలెననియు, సరకు నాణ్యము తగ్గింపరాదనియు పట్టుపట్టిరి. దానముగ నెవరేమిచ్చినను పుచ్చుకొనరాదని ఆ స్త్రీలు మొదటనే నిశ్చయించుకొనిరి. ఆయన దారి చూపుచుండిరి. నడచినవారు మాత్రము స్త్రీలే. ఈ భేదము చిన్నది కాదు. సాయము చేయ వచ్చినవారే క్రమముగ యజమాను లగుట మనము చూచుచుండునదే గదా!

ఇప్పు డాసంస్థలో 40,000కు మించిన స్త్రీలున్నారు. సభ్యురాలైన ప్రతి స్త్రీయు "బెన్", అనగా సోదరి. ఆమె కూలిమనిషి కాదు. లాభమునకును నష్టమునకును భాగస్థురాలు. తెల్లవాఱి శాఖకు వచ్చి, నిన్న నొత్తిన అప్పడములు అప్పగించి, కలిపిన పిండి తూయించుకొని యింటికి పోవును. పిండి కలుపువారు, పంచువారు, తూచువారు, అప్పడమును పరీక్షించువారు, పొట్లములు కట్టువారు అందఱు నా సోదరీమణులే. శాఖను నడుపు సంచాలికయు వారిలోనుండియే వచ్చును. పైన 21 మందితో కార్యవర్గ మొకటి కలదు. అధ్యక్షురాలు, కోశాధికారులు అందులోనివారే. వారును ఒకప్పుడు అప్పడముల కఱ్ఱ పట్టినవారే. పురుషులు గుమాస్తాలుగనో బండి నడుపువారుగనో జీతమున కుండవచ్చును గాని సభ్యులు కాజాలరు.

ఈ మెట్లలో నన్ను మిక్కిలి ఆలోచింపజేసినది అప్పడమును పరీక్షించు పని. నిన్నటి దాక ప్రక్కన కూర్చుండి కఱ్ఱ త్రిప్పిన పొరుగింటామెతో, "వదినా, నీ యప్పడము మందముగ నున్నది, తీసికొనను" అని యీమె చెప్పవలెను. చెప్పియు రేపు ఆమెతో మాటలాడవలెను. ఏ కళాశాలలో నేర్పుదు రీ విద్యను? తూచునామెకు తరుగు తెలియును, పంచునామెకు రేపెందఱు వత్తురో తెలియును, పరీక్షించునామెకు మొగమోటము విడుచుట తెలియును. ఇన్ని తెలిసినపిదప సంచాలిక పీట నెక్కునది క్రొత్తది కాదు.

అందఱు నొప్పుకొననిదే నిర్ణయము చేయరాదను నియమము కూడ వారికి కలదు. దీనివలన ఆలస్య మగునని నా యనుమానము. ఎనమండుగురము కలసి ఒక సీసా మూత రంగు నిర్ణయించుటకు మాకు పదునైదు దినములు పట్టినది! అయినను 1968లో గుజరాతులోని వాలోడులో శాఖ వెలసినది మొదలు ఎన్నియో రాష్ట్రములకు అది వ్యాపించుట చూడగా ఆ యాలస్యము వారిని ముంచలేదనియే చెప్పవలెను. 2021లో జశ్వంతీబెన్ గారికి పద్మశ్రీ బిరుద మిచ్చిరి. తొలిదినమున అప్పడము లొత్తిన చేతుల తరువాత ఎన్ని చేతులో మాఱినను పని ఆగలేదు.

అప్పగించుట యన్నచో మనకు తోచునది అత్తగారు కోడలికి తాళపుచెవు లిచ్చుట. చెవులిచ్చి, పప్పు కొలత మాత్రము తానే చూచుచు, ఉప్పెక్కువైనదని పదిమందిలో ననుచుండునత్తగారు చెవు లిచ్చినట్టా, ఇయ్యనట్టా? తప్పు చేసిన నష్టము వచ్చును గదా యందురు. వచ్చును. కాని పెద్దది ప్రక్కన నుండగా చేసిన తప్పు పది రూపాయలతో పోవును. లేనప్పుడు చేసినది మా ఆవకాయవలె నగును.

శ్రావణమాసమున లెక్కపుస్తకమును పెట్టెలోనుండి తీసి ఆ చిన్నదాని చేతి కిచ్చితిని. నా తలలోనున్న సగము వ్రాయించుటకు మూడు వారములు పట్టినది. మొదటి నెలలో ఒక యంగడి బాకీ రెండుమారులు జమ వేసినది. నేను చూచియు పలుకలేదు; నాల్గవ దినమున తానే కనిపెట్టి దిద్దుకొన్నది. నెలకొకతె చొప్పున తక్కినవారును దానియొద్ద కూర్చుండి లెక్క వ్రాయుచున్నారు. ఇద్దఱికి కూడిక రాదు, నేర్చుకొనుచున్నారు.

కార్తికములో ఉసిరికాయల బేరమునకు అదియే పోయినది. నేను వాకిటిదాక వచ్చి నిలిచిపోతిని. కాయ కొంచెము ముదురుదే తెచ్చినది గాని, ధర మాత్రము నేను పోయిన యేడు పెట్టినదానికంటె తక్కువ.