నమ్మడం తేలిక, నమ్మకాన్ని రద్దు చేయడమే కష్టం



తాళంచెవి ఇవ్వడం క్షణంలో పని. ఇచ్చినదాన్ని వెనక్కు రప్పించడంలోనే ఉంది అసలు కష్టం. కంప్యూటర్లలోని 'సెక్యూర్ బూట్' విషయంలో నా అభిప్రాయమంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

మీట నొక్కగానే, విండోసు గాని లినక్సు గాని తెరమీదికి రాకముందే, బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రాము నడుస్తుంది. దాన్ని లోనికి రానిచ్చే ముందు ఫర్మ్‌వేర్ దాని డిజిటల్ సంతకాన్ని పరీక్షిస్తుంది. అందుకు రెండు పట్టికలున్నాయి. డీబీ విశ్వసనీయుల పట్టిక, డీబీఎక్స్ బహిష్కృతుల పట్టిక. రెండింటిలోనూ ఉన్నవాడికి ప్రవేశం లేదు.

ధర్మవరం పట్టుచీర కొనేవారు సిల్క్ మార్క్ చీటీ చూస్తారు. చీటీ అంటించే అధికారం పొందిన వ్యాపారి ఒకడు మోసగాడని తేలిందనుకుందాం. అధికారం రద్దు చేస్తారు. ఆ సంగతి హిందూపురం అంగడిలో కొనేవారికి చేరకపోతే రద్దు వల్ల ఫలమేమి? పెనుకొండ కోట ఎంత దృఢమైనదైతేనేం, నిన్నటి ముద్ర నేడు చెల్లదని వాకిటి కావలివానికి తెలియాలి గదా!

2020 జూలైలో 'బూట్‌హోల్' అనే లోపం బయటపడింది. గ్రబ్ బూట్‌లోడర్ సంతకం సక్రమమే, లోపం ప్రోగ్రాములో ఉంది. దాన్ని బహిష్కరించడానికి సుమారు 150 గుర్తులు డీబీఎక్స్‌లో చేర్చవలసి వచ్చింది. 32 కిలోబైట్ల చోటులో దాదాపు 10 కిలోబైట్లు దానికే సరిపోయాయి. అందుకే 2021లో ఎస్‌బ్యాట్ పద్ధతి వచ్చింది. ఒక్కొక్క ప్రతినీ పేర్కొనకుండా, ఫలానా తరం సంఖ్యకు లోపువి చెల్లవని ఒక్క మాటలో చెప్పడం దాని కిటుకు.

కిటుకు మంచిదే, అమలు మాత్రం తడబడింది. 2024 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ ఆ నియమాన్ని విండోసు నవీకరణతో పంపింది. రెండు వ్యవస్థలున్న యంత్రాలకు వర్తించదన్నారు. తీరా చూస్తే అటువంటి యంత్రాలు అనేకం లినక్సును తెరవడానికి నిరాకరించాయి. అంతకు నెల ముందే మరో వింత వెలుగుచూసింది. 'నమ్మవద్దు' అని ఆంగ్లంలో రాసివున్న నమూనా తాళంచెవినే మూలపు తాళంచెవిగా ఉంచి, తయారీదారులు వందల రకాల యంత్రాలను అమ్మారట!

ఇవి చూసి, 'సెక్యూర్ బూట్ తీసిపారేస్తే పోలా' అంటారు కుర్రకారు. నేనొప్పుకోను. కావలివాడు ఒకనాడు పొరబడ్డాడని వాకిలి తెరిచిపెట్టి నిద్రపోతామా? అలాగని కావలివాడిని ఇంటి యజమాని చేయడమూ తగదు. షిమ్‌లో మన సొంత తాళంచెవిని చేర్చుకునే వీలుంది. ఆ హక్కు చెక్కుచెదరకూడదు.

2011లో ఇచ్చిన మైక్రోసాఫ్ట్ సర్టిఫికెట్లకు 2026 గడువు. వాటి స్థానంలో 2023 నాటివి చేరాలి. గడువు దాటగానే యంత్రం ఆగిపోదు. కానీ కొత్త తాళంచెవి అందని యంత్రానికి కొత్త బహిష్కార పట్టికలూ అందవు. చేతులు మారి మన ఊళ్ళ ఇళ్ళకూ బడులకూ చేరిన పాత లాప్‌టాప్‌లను తలచుకుంటే నాకు బెంగగా ఉంది. వాటికి ఫర్మ్‌వేర్ నవీకరణ పంపే నాథుడెవరు?

నేను కోరేది మూడే: రద్దు చేసే ముందు చెప్పాలి, ఎందుకో తెలుగులో చెప్పాలి, మళ్ళీ లోనికి వచ్చే దారి చూపాలి. కాదనేవారుంటే కారణాలతో రాయండి, చర్చిద్దాం.