ఆమె ఏడ్చేది బిడ్డనిచ్చినందుకేనా?

హన్మకొండ చౌరస్తా నుంచి కాజీపేట దాకా పోతుంటే సంతాన సాఫల్య కేంద్రాల బోర్డులు తగులుతూనే ఉంటాయి. బొద్దు పాపాయి, పక్కన నవ్వుతున్న దంపతులు. వేరేవాళ్ల కోసం తొమ్మిది నెలలు మోసే మనిషి మాత్రం ఏ బోర్డు మీదా కనిపించదు. ఆమె ప్రస్తావన వస్తే చాలు, అందరి నోటా ఒకటే మాట: ‘కన్న బిడ్డను చేతుల్లో పెట్టి పోవాలంటే ఆ తల్లి గుండె ఏమైపోవాలి!’ ఈ జాలితో నాకు పేచీ ఉంది. బిడ్డ చేతులు మారే ఆ ఒక్క నిమిషం దగ్గరే మనం కళ్లు తుడుచుకుంటాం, దాని ముందూ వెనకా ఏం జరిగిందో అడగం.

అడిగినవాళ్లు లేకపోలేదు. బ్రిటన్‌లో 34 మంది సరోగేట్ తల్లులతో మాట్లాడి వాసంతి జాద్వా బృందం 2003లో ఒక అధ్యయనం ప్రచురించింది. బిడ్డను ఇచ్చిన తొలి వారాల్లో కొందరు ఇబ్బంది పడ్డారు, నెలలు గడిచేకొద్దీ అది తగ్గింది. ఇవ్వడానికి వెనకాడినవాళ్లు లేరు. మన దేశానికొస్తే కథ మారింది. ముంబైలో జరిగి 2018లో వెలువడిన అధ్యయనంలో, మామూలు గర్భిణుల కంటే సరోగేట్లలో కుంగుబాటు ఎక్కువని తేలింది. అయితే అది బిడ్డను ఇచ్చాక కొత్తగా పుట్టింది కాదు, కడుపుతో ఉన్నప్పుడే ఉంది. తోడు లేకపోవడం, విషయం దాచాల్సి రావడం, నలుగురూ అనే మాటలు పడటం, ప్రసవం తర్వాతి కుంగుబాటుతో ఇవే ముడిపడి కనిపించాయి. అంటే ఆమెను కుంగదీసిన దాంట్లో మన వాటా పెద్దది. పేగుబంధం అన్నామనుకోండి, ఆ వాటాకు ఎవరూ లెక్క చెప్పనక్కర్లేదు.

ఇక వేదికలెక్కే పెద్దలు. ‘సరోగసీ మనకు కొత్తదా? దేవకి గర్భం రోహిణికి మారలేదా?’ అంటారు. పోతన పుట్టిన బమ్మెర మనకు దగ్గరే, ఆయన భాగవతంలోని దశమ స్కంధం ఒకసారి తిరగేయవచ్చు. యోగమాయ గర్భాన్ని మార్చింది నిజమే. కానీ రోహిణి బలరాముణ్ని కని ఎవరికీ ఇవ్వలేదు, తానే పెంచుకుంది. పైగా ఆమె కూడా వసుదేవుడి భార్యే. ఎవరి బిడ్డనో మోసి, కని, చేతులు దులుపుకొని పొమ్మన్న కథ అందులో ఎక్కడుంది?

చట్టం కూడా త్యాగం పాటే పాడుతోంది. 2022 జనవరి 25 నుంచి అమల్లోకి వచ్చిన సరోగసీ నియంత్రణ చట్టం ప్రకారం వైద్య ఖర్చులు, బీమా, ఇతర నిర్దేశిత ఖర్చులు తప్ప ఆమెకు ప్రతిఫలం ఇవ్వకూడదు. పెళ్లై, సొంత బిడ్డ ఉండి, 25 నుంచి 35 ఏళ్ల మధ్య వయసున్న మహిళ జీవితంలో ఒక్కసారి మాత్రమే మోయాలి. డబ్బు తీసేస్తే దోపిడీ పోతుందని ఏలినవారి లెక్క. 2024 నవంబరులో రాయదుర్గంలో ఏమైంది? సరోగసీకి పది లక్షలిస్తామంటే ఒడిశా నుంచి వచ్చిన యువతి తొమ్మిదో అంతస్తు నుంచి పడి చనిపోయింది. తీసుకొచ్చిన మనిషి వేధింపులు భరించలేక పారిపోబోయిందని ఆరోపణ. నిషేధం ఉంది, బేరమూ ఉంది. మధ్యలో ఆమె ఫలానా చోట ఉందని చెప్పే కాగితమే లేదు.

ఈ దాపరికం ఎవరికి పెట్టుబడో 2025 జులైలో సికింద్రాబాద్‌లో బయటపడింది. సరోగసీ ద్వారా బిడ్డను ఇస్తామని ఓ ఫెర్టిలిటీ సెంటర్ దంపతుల దగ్గర దాదాపు 35 లక్షలు వసూలు చేసింది. డీఎన్ఏ కలవలేదు. అస్సాంకు చెందిన పేద దంపతుల దగ్గర 90 వేలకు బిడ్డను కొన్నారని పోలీసులు చెప్పారు. మోసిన మనిషిని మేం చూడాలి, మాట్లాడాలి అని గట్టిగా అడిగే అలవాటే ఉంటే ఈ అబద్ధం ఎన్నాళ్లు నిలిచేది? సరోగేట్ అంటే కనబడని మనిషి అని అందరం ఒప్పుకున్నాం కాబట్టే, లేని సరోగేట్‌ను కూడా అమ్మగలిగారు.

కాన్పు తర్వాత సంగతి చూడండి. బిడ్డ వెళ్లిపోయినా మూడో రోజుకు పాలు పడతాయి. రొమ్ములు రాయిలా గట్టిపడతాయి, జ్వరం తగులుతుంది. పాలు ఆగేందుకు డాక్టరు మాత్ర రాస్తాడు, ఇంట్లో పెద్దావిడ ఉంటే మల్లెపూలు కట్టమంటుంది. కుట్లు పచ్చిగానే ఉంటాయి. బాలింతే, కానీ పత్యం పెట్టేదెవరు? హైదరాబాద్‌లో పనికి పోయిందని వాడకట్టులో చెప్పుకున్న మనిషి నడుము కట్టుకుని మంచంలో పడుకుంటే అనుమానం రాదూ? అందుకే లేచి బిందె ఎత్తుతుంది. అదే చుట్టాలలో చెల్లెలో వదినో మోసిందనుకోండి, ఇరవయ్యొకటో రోజు తొట్టెల ఫంక్షన్‌లో ఆమే వడ్డిస్తూ తిరగాలి. ఏడిస్తే బిడ్డ మీద కన్నేసిందంటారు, ఏడవకపోతే రాతిగుండె అంటారు. త్యాగం అని పేరు పెట్టాక నొప్పి అని చెప్పుకునే హక్కు కూడా పోతుంది. కూలి చేసిన మనిషికైనా నడుము నొప్పి అనే వీలుంటుంది.

చట్టం ఆమె మనసు గురించి అడిగేది మొదట్లో, ఒక మానసిక ఆరోగ్య ధ్రువపత్రం రూపంలో. తర్వాత 36 నెలల ఆరోగ్య బీమా ఉంది, మంచిదే. 2024 జూన్‌లో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులు సరోగేట్లయితే 180 రోజుల ప్రసూతి సెలవు కూడా ఇచ్చారు. బీడీలు చుట్టే ఆమెకో, జిన్నింగ్ మిల్లులో పత్తి ఏరే ఆమెకో ఆ సెలవు ఎవరిస్తారు?

నేను అడిగేది చిన్న మార్పు. ఆసుపత్రి కాన్పయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో పసిబిడ్డను చూడటానికి ఇంటికి వస్తుంది. సరోగసీలో బిడ్డ ఇల్లు వేరు, బాలింత ఇల్లు వేరు. ఆ ఆరు రోజులూ ఈ ఇంటికి కూడా రావాలని నిబంధనల్లో రాయాలి. బిడ్డను తీసుకున్నవాళ్లే ఆ ఖర్చు ముందుగా కట్టాలి. కావాలనుకుంటే బిడ్డను చూడొచ్చో లేదో ఒప్పంద పత్రంలో ఆమె ఇష్టప్రకారమే ఉండాలి, డాక్టరు ఇష్టప్రకారం కాదు.