సూదిమొనపాటి మచ్చు

ఎనుమాముల మార్కెట్టునకు మిర్చిబస్తాలు వచ్చినపుడు మచ్చు చూడక ధర పలుకు వ్యాపారి యుండడు. ఊపిరితిత్తుల క్యాన్సరు విషయమున నేటి వైద్యశాస్త్రము చెప్పుచున్నదియు నిదియే: మచ్చు చూడక మందు నిర్ణయింపరాదు.

ఈ మచ్చు సూదితో తీయబడును. సీటీ స్కాను చూపు దారిని ఛాతీలోనికి సూదిని పంపి, కణితినుండి దారపుపోగులవంటి ముక్కలను తీసెదరు. దీనినే బయాప్సీ యందురు. పూర్వము రోగము క్యాన్సరా, క్షయయా యని తేల్చిన నా ముక్క పని ముగిసెడిది. నేడు దానిపై భారము పెరిగినది.

మన శరీరరక్షక కణములకు పీడీ-1 అను కళ్లెమున్నది. దానిని 1992లో కనుగొన్న జపాను శాస్త్రజ్ఞుడు తసుకు హోంజోకు 2018లో నోబెలు బహుమానము లభించినది. అమెరికా శాస్త్రజ్ఞుడు జేమ్సు అల్లిసను దానిని పంచుకొనెను. క్యాన్సరుకణములు పీడీ-ఎల్1 అను ప్రోటీనుతో ఆ కళ్లెమును బిగించి రక్షకులను నిలిపివేయును. పెంబ్రోలిజుమాబు వంటి మందులు ఆ పట్టును విడిపించును. ముదిరిన వ్యాధిలో, క్యాన్సరుకణములలో నూటికి 50గాని అంతకు మించిగాని ఈ ప్రోటీనును చూపినచో, కీమోథెరపీ లేకయే ఈ మందుతో చికిత్స నారంభింపవచ్చునని 2016లో తేలినది. అంతకు తక్కువైనచో సాధారణముగా రెండును కలిపి యిచ్చెదరు. కాని ఈజీఎఫ్ఆర్, ఆల్క్ అను జన్యువులలో తగిన మార్పు కనబడిన రోగులకు దారి వేరు; వారికి ముందుగా తగినవి ఆ మార్పును గురిచేయు మాత్రలు. ఈజీఎఫ్ఆర్ మార్పు పాశ్చాత్యులకంటె మనవారిలో నెక్కువగా కనబడుచున్నది.

ఇన్ని పరీక్షలకు ముక్క చాలవలెను. పీడీ-ఎల్1 పరీక్షకే కనీసము 100 చెడని క్యాన్సరుకణములు కావలెను. పొదుపులేక తొలి పరీక్షలకే ముక్కను వ్యయపరచినచో రోగి మరల సూది క్రింద పండుకొనవలసినదే. మరియు కణితి అంతయు నొక్కతీరున నుండదు. ఒక మూలనుండి తీసిన ముక్క రెండవ మూలను గూర్చి సాక్ష్యమీయజాలదు. కావున ఈ అంకె మార్గదర్శియేగాని బ్రహ్మవ్రాత కాదు.

ఈ చికిత్స వ్యయము లక్షలలో నున్నది. రెండెకరములు విక్రయించి మందు కొన్న రైతుకుటుంబము, పరీక్ష జరుగని కారణమున తగని మందు కొన్నదని తరువాత తెలిసిన, ఆ భూమి తిరిగి వచ్చునా? మందునకు సహాయమొసగి పరీక్షను రోగి నెత్తిన వదలుట పొదుపు కాదు, దుర్వ్యయము. వరంగల్లు వంటి నగరమున ముక్కను తీయు నేర్పును, దానిని చదువు నేర్పును, సకాలమున ఫలితమును రోగికి ఉచితముగా లభింపజేయుట ప్రభుత్వమునకు విధి.

పాఠకులకు మేము చెప్పదలచినది యొక్కటి. ఇంట నీ వ్యాధి సంభవించినచో వైద్యుని మూడు ప్రశ్న లడుగుడు: ముక్క చాలినదా? జన్యుపరీక్ష జరిగినదా? పీడీ-ఎల్1 ఎంత? ముక్కను భద్రపరచిన మైనపుదిమ్మను పట్టాకాగితమువలె కాపాడుకొనుడు. మరియొక ప్రయోగశాలకు పోవలసివచ్చిన, దానితోనే పని జరుగవచ్చును.