కావలికి వంతు ఉండాలి

విశాఖపట్నం నుంచి అరకు వెళ్లే రైలు అనంతగిరి కొండలలోకి ప్రవేశించగానే సొరంగాలు ఒకదాని వెంట ఒకటి ఎదురవుతాయి. చీకటి కమ్మగానే పిల్లలు కేరింతలు కొడతారు. అదే పెట్టెలో ఒక యువకుడు మాత్రం ఫోన్‌లో సిగ్నల్ పోయిందని కలవరపడుతూ ఉంటాడు. బొర్రా గుహలలో శివలింగం ఎదుట చేతులు జోడించినా అతడి మనసు జేబులోనే ఉంటుంది. రుషికొండలోనో, మాదాపూర్‌లోనో కంప్యూటర్ల భద్రత చూసే ఉద్యోగి అతడు. సెలవు దొరికింది కాని కావలి దిగలేదు.

ఈ ఉద్యోగంలో ఏమీ జరగకపోవడమే విజయం. దానిని ఎవరూ గుర్తించరు. ఏదైనా జరిగితే మాత్రం క్షణాలు లెక్కపెడతారు. సైబర్ దాడిని గుర్తించిన ఆరు గంటలలోగా తెలియజేయాలని కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక్క లోపభూయిష్టమైన మార్పుతో ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల కంప్యూటర్లు మొరాయించాయి. మన విమానాశ్రయాలలో బోర్డింగ్ పాసులను చేతితో రాసి ఇచ్చారు. వాటిని మళ్లీ నిలబెట్టడానికి ఎందరు నిద్ర మానుకున్నారో ఎవరు లెక్కించారు?

లక్ష్మణస్వామి పద్నాలుగేళ్లు కన్ను మూయక అన్నావదినలకు కావలి కాశాడు. ఆయన నిద్రను ఊర్మిళాదేవి స్వీకరించిందని మన స్త్రీలు పాట కట్టుకున్నారు. వాల్మీకంలో లేని ముచ్చట ఇది. అయినా ఆ తల్లుల లౌక్యం గొప్పది. ఒకరు మానిన నిద్రను మరొకరు మోయక తప్పదని వారికి తెలుసు. నేటి కావలివారి నిద్రను ఎవరు మోస్తున్నారు?

"నాలుగు నామాలు జపించుకో, అంతా సర్దుకుంటుంది" అని మనం తప్పుకోవడం సబబు కాదు. జపం మంచిదే. కాని నిద్ర, మెలకువ రెండూ మితంగా ఉన్నవానికే యోగం దుఃఖాన్ని పోగొడుతుందని గీత ఆరవ అధ్యాయంలో శ్రీకృష్ణుడే చెప్పాడు. ఈ అలసట పని ప్రదేశంలోని ఎడతెగని ఒత్తిడి నుంచి పుడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో గుర్తించింది. దోషం పని తీరులో ఉన్నప్పుడు పనిచేసేవాడి భక్తిని శంకించడం ఎందుకు?

ఈ కొండలలోనే చూడండి. చోడి, సామ చేలు గింజ పట్టే వేళ అడవిపందుల బెడదకు మంచె కట్టి రాత్రంతా కాస్తారు. ఒకరు కునుకు తీస్తే మరొకరు కేకలు వేస్తారు. పంట ఇల్లు చేరగానే మంచె ఖాళీ అవుతుంది. సంస్థలు కూడా కావలి ఫోన్‌ను ఒకటే ఉంచి, వంతుతో పాటు దానినీ చేతులు మార్చాలి. వంతు దిగినవాని సొంత ఫోన్ మోగకూడదు.

ఇక ఇళ్లలో మనం. రాత్రి పని ముగించుకొని తెల్లవారి వచ్చిన బిడ్డను ఆదివారం పూజకని ఏడింటికే లేపకండి. హారతి అతడు లేచాక కళ్లకద్దుకుంటాడు. ఆ ఒక్క పూట గంట కాస్త మెల్లగా మోగించండి.