నడివయసులో బి.ఇడి: పదహారు వారాల పరీక్ష

పెళ్ళయి, పిల్లలు బడికి పోతున్న దశలో బి.ఇడి.లో చేరుతున్న సోదరీమణులు ఇప్పుడు మన ఇళ్ళలోనూ కనబడుతున్నారు. సంతోషించదగిన విషయమే. అయితే శిక్షణ కోసం తరగతి గదిలో అడుగుపెట్టాక వారికి ఏమవుతోందన్నది ఎవరూ అడగటం లేదు.

జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనలతో బి.ఇడి. రెండేళ్ళ కోర్సయింది. కనీసం 20 వారాల క్షేత్రానుభవం, అందులో 16 వారాలు బడిలో ఇంటర్న్‌షిప్, దానికి 90 శాతం హాజరు తప్పనిసరి. డిగ్రీ ముగించి నేరుగా వచ్చిన యువతికి ఇది నాలుగు నెలల శ్రమ. ప్రయివేటు బడి జీతంతో ఇల్లు గడుపుకొనే తల్లికి మాత్రం నాలుగు నెలల జీతం పోయినట్లే.

మా ఉర్దూ మాధ్యమ పాఠశాలకు శిక్షణకు వచ్చిన ఒక సోదరి ఏడేళ్ళుగా ప్రయివేటు బడిలో చెబుతున్నవారే. ముగ్గురు బిడ్డల తల్లి. మొదటి వారం పాఠ్య పథకం ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకొచ్చారు, తరగతిలో తడబడ్డారు. రెండో వారం భిన్నాల పాఠంలో చార్టు పక్కన పెట్టేశారు. "అమ్మీతో కలిపి ఇంట్లో నలుగురు. రొట్టెలు మూడే. ఎలా పంచాలి?" అన్నారు. వెనక బెంచీ పిల్లవాడు లేచి, "తలా ఒకటి. అమ్మీ తినదు" అన్నాడు. తరగతి నవ్వింది. ఆమె నవ్వలేదు. "ఈ రోజు అమ్మీ కూడా తినాలి" అంటూ బోర్డు మీద ఒక్కో రొట్టెను నాలుగు ముక్కలుగా గీశారు. ముప్పావు అంటే ఏమిటో ఆ పిల్లలకు ఆ రోజు తెలిసింది. పర్యవేక్షకులు మాత్రం బోధనోపకరణం వాడలేదని మార్కులు తగ్గించారు!

అలాగని అనుభవముంటే శిక్షణ అక్కరలేదనే వాదనను మేము ఒప్పుకోము. మదరసాలో చదివిన మేము మా ఉస్తాద్ చెప్పిన తీరునే అనుకరించాము, బెత్తంతో సహా. ఆ బెత్తం వదలడానికి మాకు పదేళ్ళు పట్టింది.

ఉద్యోగం వదలకుండా శిక్షణ పొందే దారి కొత్తదేమీ కాదు. శిక్షణ లేని ఉపాధ్యాయులకు విద్యాహక్కు చట్టం 2017 సవరణ 2019 మార్చి 31 దాకా గడువిచ్చింది. అప్పుడు లక్షలాది మంది కొలువులో ఉంటూనే డి.ఎల్.ఇడి. చదివారు. ఇంటర్న్‌షిప్‌లో సగం వారాలు సొంత బడిలోనే, నిజంగా వచ్చి చూసే పర్యవేక్షకుల ఎదుట జరిపితే నష్టమేమిటి? లేదా ఆ నాలుగు నెలలకు భృతి ఇవ్వాలి. రెండూ లేనందువల్లే కొందరు బడికి రాకుండా హాజరు వేయించుకుంటున్నారు, రికార్డులు డబ్బిచ్చి రాయించుకుంటున్నారు.

మా బడికి వచ్చిన సోదరి ఆ పని చేయలేదు. పదహారు వారాలూ వచ్చారు. తిరిగి వెళ్ళేసరికి ఆమె స్థానంలో యాజమాన్యం ఇంటర్ చదివిన అమ్మాయిని తక్కువ జీతానికి పెట్టుకుంది.